బ్లాకు చల్లారేదాకా

రామచంద్రపురం చేపల బజారుకి కారులో వచ్చేది ఒక్క నాగదుర్గే. కారంటే మళ్ళీ ఏదో ఊహించుకునేరు. వెనక సీటు పీకేసి, ఆ చోట తాటాకు చాప పరిచి, చాప మీద ఐసు పెట్టెలు, పెట్టెల మధ్య ముగ్గురు ఆడవాళ్ళు కాళ్ళు ముడుచుకుని కూర్చునే పాత డీజిలు అంబాసిడరు. దాని రంగు తెలుపేనని ఎరిగినవాళ్ళు చెప్పేవారు. అది బజారు మలుపు తిరుగుతుంటే ముందు వాసన వచ్చేది, వాసన వెనకాల హారను, హారను వెనకాల రామలక్ష్మి గొంతు.

సెల్‌ఫోన్లు ఇంకా మన వైపు రాని రోజులవి. నాగదుర్గది యానాం దిగువన, గోదారి పాయ ఒడ్డునున్న చిన్న పాలెం. మొగుడు గంగయ్య చేపల వేటకి వెళ్తాడు, ఒడ్డుకొచ్చాక నోరు విప్పడు. ఆ ఇంట్లో మాట్లాడాల్సినదంతా ఇద్దరి తరపునా నాగదుర్గే మాట్లాడుతుంది. పెళ్ళయిన కొత్తలో అత్తగారి వెనకాల బుట్ట నెత్తిన పెట్టుకుని బయల్దేరిన మనిషి, జుట్టు నెరిసేదాకా అలాగే తిరిగింది. బస్సెక్కితే బుట్ట టాపు మీదికి పోయేది. ఎండాకాలం టాపు మీద చేప ఊరు చేరేసరికి సగం ఉడికేది. టాపు మీంచి ఐసు నీళ్ళు కారి కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళ చొక్కాల మీద పడితే, ఆ తిట్లన్నీ లోపల నిలబడ్డ నాగదుర్గకి. బుట్టలు చూసి ఆగని బస్సులూ ఉండేవి.

అది కాదంటే పల్లంరాజు వ్యాను. పల్లంరాజు పొద్దున్నే ఒడ్డుకొచ్చి చేప అక్కడే తూకం వేసుకుని పట్టుకుపోతాడు. రేటు అతను చెప్పిందే రేటు. "ఎండలో పడి తిరగడం ఎందుకమ్మా, ఇంటి ముందుకొచ్చి కొంటున్నాను కదా" అంటాడు బెల్లంలా. ఆ మాట అబద్ధం కాదు. కానీ ఒకసారి వ్యానుకి పొయ్యడం మొదలెట్టిన ఆడది మళ్ళీ బజారు మొహం చూసింది లేదు. ఎందుకంటే అక్కడ చోటు మిగలదు.

ఈ చోటు సంగతి కాస్త చెప్పుకోవాలి. ఆ బజారులో గీతలూ లేవు, నంబర్లూ లేవు. గోనె పరిచి దాని మీద చేప పెడితే ఆ చోటు ఆ మనిషిది. ఒక పూట రాకపోతే ఎవరూ ఏమీ అనరు. అటూ ఇటూ కూర్చున్నవాళ్ళు మాత్రం కాళ్ళు జాపుకోవడానికి ఓ జానెడు జరుగుతారు. మర్నాడు ఇంకో జానెడు. దౌర్జన్యం లేదు, పోట్లాట లేదు. కొన్నాళ్ళు పోయి వచ్చి చూసుకుంటే చోటు మూసుకుపోయి ఉంటుంది. ఎవరిని తిట్టాలో కూడా తెలీదు. చోటు పోతే అక్కడికే వచ్చి కొనే వాడికలు పోతారు. వాడికలు పోయాక పల్లంరాజు చెప్పిందే రేటు.

అందుకే నాగదుర్గ కారు కొంది. ద్రాక్షారామం దగ్గర అచ్చిబాబు గారని పెద్ద రైతు, ఆయనింటికి వాడికగా చేపలిచ్చేది. ఆయన మారుతి కొన్నాక పాత అంబాసిడరు ధాన్యం కొట్టు పక్కన పడి ఉండేది. అందులో కోళ్ళు గుడ్లు పెట్టుకునేవి.

"ఆ బండి ఏం చేస్తారండి?" అని అడిగింది ఓ రోజు, పండుగప్ప పొలుసు తీస్తూ.

"ఏం చేస్తానే, కోళ్ళకిచ్చేశాను. నీకెందుకు?"

"కోళ్ళకంటే నేను బాగా చూసుకుంటానండి."

ఆయన నవ్వీ నవ్వీ ఇచ్చేశాడు. ఊరికే ఏం కాదులెండి. తమ్ముడు యుగంధర్ అప్పటికి రొయ్యల చెరువుల దగ్గర ట్రాక్టరు తోలుతున్నాడు, వాణ్ణి పిలిచి స్టీరింగు ముందు కూర్చోబెట్టింది. పాలెంలో ఇంకో ముగ్గుర్ని తోడు కలుపుకుంది. రామలక్ష్మి, నోరు పెద్దది, చేప కూడా పెద్దదే అమ్ముతుంది. ఏసమ్మ, అందరికంటే పెద్దావిడ, మోకాళ్ళు పట్టేసి కారు దిగడానికే ఓ ప్రార్థన చేసుకునేది. వీరవేణి, పక్కింటి కొత్తకోడలు, ఇంకా తూకంలో మొహమాటపడే పిల్ల. నలుగురికీ బజారులో వరసగా నాలుగు గోనెలు. నాగదుర్గ ముందు సీట్లో కూర్చుని చెయ్యి కిటికీ మీద పెట్టుకుంటే, పక్కనుంచి పోయే బస్సు వైపు అస్సలు చూసేది కాదు. చూడకపోవడంలోనే ఉంది ఆ సుఖమంతా.

ఆ ఏడు మే నెలలో, కాలవలు కట్టేసిన రోజుల్లో జరిగింది ఇది. మామూలప్పుడైతే ఆ రోడ్డు పొడుగునా పక్కన కాలవే, బండికి నీళ్ళకి కొదవ లేదు. కాలవ కట్టేస్తే అడుగున బురద బీటలు తీసి ఉంటుంది, అంతే. ద్రాక్షారామం ఇంకా కాస్త దూరం ఉందనగా ఇంజను మీంచి పొగలు లేచాయి. యుగంధర్ బండి పక్కకి తీసి బానెట్ ఎత్తాడు. నీళ్ళ గొట్టం చీలి లోపలి నీళ్ళన్నీ పోయాయి. సైకిలు ట్యూబు ముక్కతో గొట్టానికి కట్టు కట్టాడు. గుడ్డ అడ్డం పెట్టి రేడియేటరు మూత తీశాడు.

"నీళ్ళు తెస్తానక్కా. ఈలోపు ఎవరూ ముట్టుకోకండి, చల్లారనివ్వండి" అని క్యాను పట్టుకుని పొలాల అవతల కనపడే ఊరి బోరింగు వైపు పరిగెత్తాడు.

వాడు పోయాడు, ఎండ పోలేదు. వెనకాల పెట్టెల్లో ఐసు కరిగి బొటబొటా కారుతోంది. ఏసమ్మ ఓ పెట్టె మూత ఎత్తి చూసి, "చేప కళ్ళు తెల్లబడుతున్నాయే నాగదుర్గా" అంది.

నాగదుర్గకి కాలు నిలవలేదు. పుట్టిన దగ్గర్నుంచీ ఆమెకి తెలిసింది ఒకటే. వేడెక్కితే పాడవుద్ది, చల్లబెడితే నిలుస్తుంది. చేప అయినా అంతే, కాలు బెణికినా అంతే, పిల్లాడికి జ్వరమొచ్చినా అంతే. పాలెంలో ఏ ఇంట్లో ఏ ఇబ్బందొచ్చినా ముందు ఐసు ముక్క వెతుకుతారు.

"దానికీ జొరమొచ్చినట్టుంది, తడిగుడ్డ వెయ్యి" అంది రామలక్ష్మి వెనకనుంచి వేళాకోళంగా.

నాగదుర్గ వేళాకోళం కింద తీసుకోలేదు. పెట్టె అడుగున చేరిన ఐసు నీళ్ళు బకెట్టులోకి వంపి, ముక్కలతో సహా రేడియేటరు నోట్లో పోసింది. మిగిలింది ఇంజను ఒంటి మీద కుమ్మరించింది. బుస్సుమని ఆవిరి లేచింది. ఆ ఆవిరిలోంచి టక్కున ఒక చప్పుడు, ఎండిన కొబ్బరికాయ చిప్ప చిట్లినట్టు. తర్వాత ఏమీ లేదు. ఇంజను పక్కనుంచి నీళ్ళు సన్నగా కారుతున్నాయి.

యుగంధర్ వచ్చి చూశాడు. "ఎవరు పోశారు?"

"నేనే పోశాను. కాలిపోతుంటే చూస్తూ కూర్చోమంటావా?"

"ఏం పోశావు? ఐసు నీళ్ళా?"

"మరేంటి, కాఫీయా?"

వాడు క్యాను కింద పెట్టి రోడ్డు మీదే కూలబడ్డాడు. తమ్ముడు తన మీద అరవకపోవడం చూసి అప్పుడు భయమేసింది నాగదుర్గకి.

ఎవరిదో ట్రాక్టరుకి తాడు కట్టి బండిని రామచంద్రపురం ఈడ్చుకొచ్చారు. చంద్రరావు షెడ్డు ఊరి చివర, రైసుమిల్లు వెనకాల ఉంటుంది. ఆయన పాత ఇంజన్లు అతకడంలో తలపండినవాడు, అందుకు తగ్గట్టు మాటా విరుపే. టార్చిలైటు వేసి ఇంజను పక్క గోడ చూపించాడు.

"బ్లాకు పగిలింది. ఇదిగో, ఇక్కడ్నుంచి ఇక్కడిదాకా."

నాగదుర్గ వంగి చూసింది. వెంట్రుక అంటుకున్నట్టుంది, అంతే. "ఇంతేనాండి? దీనికా ఇంత హడావిడి?"

"మీ ఆయన పడవకి ఇంత బీట ఉంటే ఏరు దాటతాడా?"

నాగదుర్గ కొంగుతో ఆ గీత తుడిచి చూసింది.

వేరే పాత బ్లాకు వేస్తే ఇంజను నంబరు మారుద్ది, కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరగాలి, పైగా ఆ పాతదానికి ఏం రోగముందో ఎవడికి తెలుసు అన్నాడు చంద్రరావు. అతికించొచ్చు. కాకపోతే అది పోత ఇనుము. ఇంజను మొత్తం విప్పి, బ్లాకుని ఊక మంటలో ఎర్రబడబోయేదాకా కాచి, ఆ వేడి మీదే అతకాలి. తర్వాత వేడి వేడి ఊకబూడిదలో పూడ్చెయ్యాలి.

"ఎన్నాళ్ళు పడుద్దండి?"

"నేను అతకడం ఒక పూట. అది చల్లారడం దానిష్టం. తొందరపడి తీశామనుకో, పక్కన ఇంకోచోట పగులుద్ది. గబుక్కున చల్లబడితే ఏమవుద్దో నీకు నేను చెప్పక్కర్లేదు కదా."

"ఆయ్" అంది నాగదుర్గ, తలెత్తకుండా.

"మళ్ళీ బిగించడం, చూసుకోవడం. వారం దాటుద్ది. నిలుస్తుందని మాటివ్వను."

ఆ సాయంత్రం పాలెంలో కబురు ఇంటింటికీ తిరగక్కర్లేకపోయింది, పల్లంరాజే పట్టుకొచ్చాడు. నాగదుర్గ అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు అడిగి తాగి, నలుగురికీ వినపడేలా అన్నాడు. "ఇనుం కూడా అలిసిపోద్దమ్మా. రేపట్నుంచి నీ చేప కూడా వ్యాన్లో పొయ్యి. నాకేం పట్టింపు లేదు."

"నాకుందండి" అంది నాగదుర్గ.

అతను వెళ్ళాక ఆడవాళ్ళు ముగ్గురూ మిగిలారు. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. మొదట ఏసమ్మే అంది. "ఈ మోకాళ్ళతో బస్సెక్కలేనే అమ్మా. వచ్చిన చేప ఏం చేసుకోను?"

"నేను మాత్రం బుట్ట టాపు మీద పెట్టి మళ్ళీ ఆ తిట్లు తినను" అంది రామలక్ష్మి. "దానికి జొరం తగ్గాక చెప్పు, చూద్దాం."

వీరవేణి లేచి ఇంటి వైపు నడిచింది. వాళ్ళత్త గుమ్మంలోంచి అంతకు ముందే పిలిచింది.

వాళ్ళని తప్పుపట్టడానికి నాగదుర్గకి నోరు రాలేదు. పోసింది తను. రెండు వారాలు వ్యానుకి అలవాటుపడితే ముగ్గురూ ఇక తిరిగి రారని తెలుసు. తిరిగి రావాలనుకున్నా అప్పటికి కూర్చునే చోటుండదు. ఒక్కదాని చేపతో కారు డీజిలుకి కూడా రాదు. అప్పుడు బ్లాకు అతికినా ఒకటే, అతక్కపోయినా ఒకటే.

రాత్రి అన్నం తింటూ గంగయ్య ఒకే మాట అడిగాడు. "రేపు బుట్ట కావాలా?"

"కావాలి. పాత గోనెలుంటే అవి కూడా."

"ఎన్ని?"

"నాలుగు."

అతను అటక మీంచి బుట్ట దించి కడిగాడు.

మర్నాడు బజారులో నాగదుర్గ తన గోనె పరిచింది. అటు పక్కన రామలక్ష్మి చోట్లో ఇంకోటి, దాని అవతల వీరవేణి చోట్లో ఇంకోటి, ఇటు పక్కన ఏసమ్మ చోట్లో ఇంకోటి. గంగయ్య పట్టిన చేప నాలుగు కుప్పలుగా పంచింది. తన ముందు నాలుగు కొయ్యంగలు, ఏసమ్మ గోనె మీద గుప్పెడు నెత్తళ్ళు, వీరవేణి దాని మీద రెండు జెల్లలు, రామలక్ష్మి దాని మీద ఏం మిగిలితే అది. కత్తిపీట ఒక్కటే. ఎవరొచ్చి ఎక్కడ నిలబడితే పీట పట్టుకుని అక్కడికి జరిగేది.

అటు చివర కూర్చునే సత్తెమ్మ అప్పటికే తన తట్ట ఓ జానెడు ఇటు జరిపి ఉంది. గోనె చూసి మూతి తిప్పింది. "ఏంటే ఇది, ఒక్కదానివి నాలుగు కొట్లు పెట్టావు?"

"నేనొక్కదాన్నెందుకవుతాను? వాళ్ళు టీ తాగడానికి వెళ్ళారు."

"ముగ్గురూనా?"

"ముగ్గురూనే. టీ వేడిగా ఉందంట, చల్లారాలి."

సత్తెమ్మ ఫక్కున నవ్వి తట్ట వెనక్కి లాక్కుంది. కానీ అందరూ సత్తెమ్మలు కారు. "ఎన్నాళ్ళు చూసుకుంటావులే" అని ఏసమ్మ చోటుకి ఇటు పక్కావిడ కాళ్ళు జాపే కూర్చుంది. ఏసమ్మ వాడిక, బడిపంతులు గారి భార్య, గోనె దగ్గర ఆగి ఏసమ్మేదని అడిగింది. మోకాళ్ళండి, వస్తుందండి అని చెప్పి నెత్తళ్ళు ఓ దోసెడు ఎక్కువే పోసింది నాగదుర్గ. అలా పీట మోసుకుని అటూ ఇటూ తిరిగేసరికి నడుం విరిగిపోయేది. చేప తక్కువ, తిరుగుడు ఎక్కువ. నలుగురి చోట్లో కూర్చుంటే నలుగురి బాధలూ తెలిశాయి. రామలక్ష్మి చోట్లో నడినెత్తిన ఎండ. వీరవేణి చోటు పక్కన మురుక్కాలవ. ఏసమ్మ కూర్చునే చోట నేల ఎత్తుపల్లాలు, ఆ మోకాళ్ళతో అక్కడ ఇన్నాళ్ళు ఎలా కూర్చుందో ఏమిటో. ఇన్నేళ్ళూ పక్కనే ఉండి, తను అటు ఎప్పుడూ చూడలేదు.

అమ్మకం అయ్యాక రోజూ షెడ్డుకి పోయేది. బ్లాకు కాచిన రోజున చంద్రరావు దగ్గరికి కూడా రానివ్వలేదు. మర్నాడు చూస్తే షెడ్డు మూల ఊకబూడిద కుప్ప, చిన్న సమాధిలా. లోపల ఎక్కడో ఊక ఇంకా రాజుకుంటూ ఉంది. నాగదుర్గ దాని పక్కన చతికిలబడి కుప్ప మీద చెయ్యి పెట్టి చూసింది. చుర్రుమంది. ఆ మర్నాడు పెట్టింది, జ్వరమొచ్చిన ఒళ్ళులా ఉంది. ఆ తర్వాత రోజు గోరువెచ్చగా.

ఆ రోజే యుగంధర్ పట్టుబట్టాడు. పాలెంలో పొద్దున్న వీరవేణి అత్త, ఇక కోడలు వ్యానుకే పోస్తుందని తేల్చి చెప్పేసిందట. "ఇంకేముందండి చంద్రరావు గారూ, పైన చల్లబడింది. తీసి ఫ్యాను పెడదాం. ఇవాళ బిగిస్తే ఎల్లుండికి రోడ్డెక్కొచ్చు."

"నన్నడగకు. చెడగొట్టినామె ఉంది కదా, ఆమెనడుగు."

ఇద్దరూ నాగదుర్గ వైపు చూశారు. ఆమె చెయ్యి ఇంకా కుప్ప మీదే ఉంది. లోపల ఎంత వేడుందో పైనున్నవాళ్ళకి తెలీదు. ఇటు చూస్తే ఒక్కో పూట గడిచేకొద్దీ వీరవేణి చోటు ఇంకాస్త ఇరుకవుతోంది, ఆ పిల్ల ఇంకాస్త దూరమవుతోంది. నాగదుర్గ బతుకంతా పరుగే. చేప ఆగదు, ఐసు ఆగదు, బస్సు ఆగదు. ఆగితే కుళ్ళుద్ది అనుకుని పెరిగిన మనిషికి, ఆగకపోతే పగులుద్ది అనే వస్తువు ఇదే మొదటిసారి తగలడం.

"ఉండనీ రా" అంది.

"అక్కా, వాళ్ళు ఆగరే."

"ఆగకపోతే పోనీ. మళ్ళీ పగిలితే ఈసారి పగలగొట్టింది నువ్వవుతావు. ఆ బాధ నీకొద్దు."

చంద్రరావు నీళ్ళ బకెట్టు ఒకటి పక్కనుంటే కాలితో దూరంగా నెట్టి, "దీన్ని మాత్రం ఆవిడకి అందనివ్వకు" అన్నాడు యుగంధర్‌తో. నాగదుర్గ చాలా రోజుల తర్వాత నవ్వింది.

ఆ మర్నాడు బజారులో నాగదుర్గ వీరవేణి చోట్లో జెల్ల కోస్తుండగా వెనకనుంచి గొంతు వినపడింది.

"నా గోనె మీద ఈ కట్టిపరిగెలేంటే? నా పరువు తియ్యడానికా?"

రామలక్ష్మి. నెత్తి మీద బుట్ట, టాపు మీంచి దిగిన తడి ఇంకా జాకెట్టు మీద ఉంది. కనుక్కుని పోదామని వచ్చిందో, అమ్ముకుందామని వచ్చిందో అడగాలనిపించలేదు నాగదుర్గకి. "పెద్ద చేప నీ మొగుడు పట్టుకొస్తాడు గానీ నా మొగుడు పట్టుకొస్తాడా" అంది.

"అందుకని పిల్లి కూడా ముట్టని చేప పెడతావా? మా వాడికలు చూస్తే ఏమనుకుంటారు? తియ్యి, ఇవన్నీ తియ్యి."

బుట్ట దించి, ఆ పరిగెలు తీసి నాగదుర్గ తట్టలో పడేసి, తన చందువాలు పేర్చుకుని కూర్చుంది. కాస్సేపటికి ఇటు పక్కావిడ జాపిన కాళ్ళ మీద చూపు పడింది. "ఏమ్మా, కాళ్ళు అమ్మకానికి పెట్టావా?" అంది. ఆవిడ కాళ్ళు ముడుచుకుంది. మధ్యాహ్నం వరకూ ఇద్దరూ నాలుగు గోనెలూ చూశారు. వ్యాను సంగతి రామలక్ష్మి ఎత్తలేదు. నాగదుర్గా ఎత్తలేదు.

బ్లాకు చేతికి చల్లగా తగిలాక తీశారు. అతుకు తేలు పాకినట్టు వంకరగా ఉంది. నీళ్ళు పోసి చూస్తే చుక్క కారలేదు. బిగించి స్టార్టు చేశాక చంద్రరావు ఇంజను పక్కన చెవి పెట్టి చాలాసేపు విన్నాడు. "నెమ్మదిగా తోలండి. గోతుల్లో గుద్దుకుంటూ పోకండి. వేడెక్కిందంటే ఆపి, ఊరుకుని, అది చల్లారాకే నీళ్ళు. రేపు పోవచ్చు, పదేళ్ళు పోకపోవచ్చు."

తెల్లారి కారు పాలెం వీధి చివర ఆగింది. నాగదుర్గ ఎవరి గుమ్మం ముందుకీ వెళ్ళి పిలవలేదు. రామలక్ష్మి వచ్చి తన పెట్టె ఎక్కించుకుంది. వీరవేణి ఇంట్లోంచి కాసేపు కేకలు వినపడ్డాయి, ఆ తర్వాత వీరవేణి పెట్టె ఈడ్చుకుంటూ వచ్చింది. మొహం ఎర్రగా ఉంది. ఏడ్చిందా, పోట్లాడిందా అన్నది ఎవరూ అడగలేదు. "ఎక్కు" అంది రామలక్ష్మి, అంతే.

ఏసమ్మ అరుగు మీదే కూర్చుని ఉంది. పక్కన చేపల తట్ట. నాగదుర్గ దిగి దగ్గరికి వెళ్ళింది.

"నేను రానే" అంది ఏసమ్మ. "నీ మీద కోపం కాదు. వ్యాను ఇంటి ముందుకొస్తుంది. తక్కువే ఇస్తాడు. ఇవ్వనీ. ఈ రెండు వారాలు నేల మీద కూర్చోకుండా మోకాళ్ళు కాస్త మాట వింటున్నాయి."

"తెలుసమ్మా. నీ చోట్లో కూర్చున్నాను కదా."

ఏసమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "పంతులు గారి భార్య అడిగితే చెప్పు."

"ఏం చెప్పను?"

"ఇంట్లో ఉన్నానని చెప్పు. బాగానే ఉన్నానని."

కారు నెమ్మదిగా వెళ్ళింది. బస్సులు రెండు దాటిపోయాయి, సైకిలు మీద పోయే పాలవాడు కూడా దాటి వెనక్కి చూసి నవ్వాడు. రామలక్ష్మి వాడికి తగిన జవాబే ఇచ్చింది. దారిలో యుగంధర్ ఆపినప్పుడల్లా వంగి కింద నేల చూశాడు. నేల పొడిగానే ఉంది.

బజారులో మూడు గోనెలు పరిచారు. నాలుగోది నాగదుర్గ చేతిలోనే ఉంది. ఇటు పక్కావిడ కాళ్ళు ముడుచుకునే కూర్చుని, ఆ ఖాళీ వైపు ఓసారి, నాగదుర్గ వైపు ఓసారి చూసింది. నాగదుర్గ ఆ ఎత్తుపల్లాల నేల కేసి చూస్తూ కాసేపు నిలబడింది. తర్వాత గోనె మడిచి తన కింద వేసుకుని కూర్చుంది.

"కాళ్ళు జాపుకోమ్మా" అంది ఆవిడతో. "ఆమె ఇక రాదు."